కష్టం పెట్టండి, దారి మాత్రం మూసేయకండి

గోల్ఫ్ కోర్సులు గీసే ఆర్కిటెక్టులకు, వాటిని నడిపే క్లబ్ కమిటీలకు, పోటీల కోసం కోర్సును సిద్ధం చేసే అధికారులకు

నమస్కారం.

ఈ లేఖ రాస్తున్న వాళ్ళం ఛాంపియన్లం కాదు. పద్దెనిమిది, ఇరవై హ్యాండిక్యాప్‌తో, అంటే కోర్సు లెక్క కంటే దాదాపు అన్ని షాట్లు ఎక్కువ తీసుకుంటూ, ఆడే మామూలు సభ్యులం. పద్దెనిమిది హోల్స్‌ను తొంభై అయిదు షాట్లలో ముగిస్తే ఆ రోజు ఆట బాగా కుదిరిందని సంతోషపడే వాళ్ళం. మీ కోర్సుల్లో వారం వారం ఆడేదీ, చందాలు కట్టేదీ ఎక్కువగా మాలాంటి వాళ్ళే.

మా కోర్సును కఠినం చేస్తున్నామని కమిటీ ప్రకటించినప్పుడు మాలో చాలామందికి ఉత్సాహం కలిగింది. తర్వాత ఫెయిర్‌వేలు (బంతి పడాల్సిన పొట్టి గడ్డి దారులు) సన్నబడ్డాయి. వాటి పక్కనుండే పొడవు గడ్డి, అంటే రఫ్, బూటు మునిగేంత పెరిగింది. కప్పు ఉండే గ్రీన్‌ల ముందు ఈ చివర నుంచి ఆ చివర దాకా నీళ్ళు వచ్చాయి. సలహాల పుస్తకంలో రాశాం. సర్వసభ్య సమావేశంలో అడిగాం. సంతకాలతో వినతిపత్రం ఇచ్చాం. తిరిగి వచ్చిన జవాబు ఒక్కటే: "కష్టంగా ఉంటే ఆట మెరుగుపరచుకోండి." వేరే క్లబ్బుల్లో ఆడే మిత్రులను కదిపితే వాళ్ళదీ ఇదే గోడు. అందుకే ఒక్క కమిటీకి కాకుండా మీ అందరికీ కలిపి రాస్తున్నాం.

ముందే ఒక సంగతి స్పష్టం చేస్తాం. మేం సులువైన కోర్సు అడగడం లేదు. న్యూయార్క్ రాష్ట్రంలో బెత్‌పేజ్ బ్లాక్ అనే కోర్సు ఉంది. 1936లో మొదలైంది, ప్రభుత్వ పార్కులో ఉంది, డబ్బు కట్టి ఎవరైనా ఆడవచ్చు. ఇది చాలా కష్టమైన కోర్సు, బాగా ఆడగలిగే వాళ్ళకు మాత్రమే సిఫారసు చేస్తాం అని అక్కడ బోర్డు పెట్టారు. ఆ బోర్డు చూసి జనం వెనక్కి పోవడం మాట అటుంచి, దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. టీ టైమ్ (ఆట మొదలుపెట్టే వేళ) కోసం రాత్రంతా పార్కింగ్‌లో కార్లలోనే పడుకునే వాళ్ళున్నారు. 2002లో అమెరికా జాతీయ పోటీ యూఎస్ ఓపెన్ కూడా అక్కడ జరిగింది. కష్టాన్ని వెతుక్కుంటూ పోయే మామూలు ఆటగాళ్ళకు కొరత లేదు. ఆ కష్టం ఎలాంటిదన్నదే మా తగువు.

కొట్టే ముందు ఆలోచించాల్సి రావడం ఒక కష్టం. కొట్టాక బంతి కోసం గడ్డిలో వెతుక్కోవాల్సి రావడం ఇంకో కష్టం. మొదటి రకం కోసం ఆటగాళ్ళు సముద్రాలు దాటి వెళ్తారు. రెండో రకం వల్ల ఆటే మానేస్తారు.

స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో 112 బంకర్లు (ఇసుక గుంటలు) ఉన్నాయి. అయినా టీ (మొదటి షాట్ కొట్టే చోటు) మీద నిలబడితే ఇరుకుగా అనిపించదు. మొదటి హోల్‌కూ పద్దెనిమిదో హోల్‌కూ కలిపి ఒకే విశాలమైన ఫెయిర్‌వే. అక్కడి 17వ హోల్, అందరూ రోడ్ హోల్ అనేది, పోటీల్లో 495 గజాల పార్ 4, అంటే నాలుగు షాట్లలో ముగించాల్సిన హోల్. కుడి వైపు పాత రైల్వే షెడ్ల ఆకారంలో కట్టిన షెడ్ల మీదుగా, హోటల్ ఆవరణను రాసుకుంటూ డ్రైవ్ (టీ నుంచి కొట్టే దూరపు షాట్) కొట్టే ధైర్యం చేస్తే గ్రీన్‌కు మంచి కోణం దొరుకుతుంది. భయపడి ఎడమకు పోతే బంతి భద్రంగానే ఉంటుంది, కానీ గ్రీన్‌కూ మనకూ మధ్య రోడ్ బంకర్ వచ్చి కూర్చుంటుంది. దాన్ని తప్పించబోయి కాస్త గట్టిగా కొడితే గ్రీన్ వెనక రోడ్డు, ఆ వెనక రాతి గోడ. మహా మహా ఆటగాళ్ళ స్కోర్‌కార్డులు అక్కడ పాడయ్యాయి. అదే హోల్‌లో మాలాంటి వాళ్ళు ముందు టీ నుంచి బయల్దేరి, గ్రీన్‌కు కుడి ముందున్న చోటికి తమకు వీలైనన్ని షాట్లలో చేరుకుని, అక్కడి నుంచి బంతిని దొర్లించి, ఆరు రాసుకుని ముందుకు సాగిపోగలరు. అదీ ఒకే బంతితో.

అమెరికన్ మేటి ఆటగాడు బాబీ జోన్స్ 1921లో ఆ కోర్సులో ఓపెన్ (బ్రిటిష్ ఓపెన్) ఆడుతూ మూడో రౌండులో, 11వ హోల్ దగ్గర విసుగెత్తి ఆట వదిలేశాడు. మొదటి పరిచయంలో ఆ కోర్సు అతనికి అర్థమే కాలేదు. ఆడిన కొద్దీ దాని లెక్కలు తెలిశాయి. 1927లో అక్కడే ఓపెన్ గెలిచాడు, 1930లో అక్కడే బ్రిటిష్ అమెచ్యూర్ గెలిచాడు, 1958లో ఆ పట్టణం అతనికి పౌర సత్కారం చేసింది. తర్వాత అతను కోర్సు ఆర్కిటెక్టు అలిస్టర్ మెకంజీతో కలిసి కట్టిన అగస్టా నేషనల్ మొదట్లో ఎలా ఉండేదో చూడండి: వెడల్పాటి ఫెయిర్‌వేలు, దాదాపు లేని రఫ్, మొత్తం 22 బంకర్లు. బంతి పడిన చోటు బాగుందా లేదా అన్నది పిన్ (కప్పులో నిలిపే జెండా కర్ర) ఎక్కడుందన్న దాన్ని బట్టి తేలేది.

ఈ మెకంజీ చదువుకున్నది వైద్యం. కోర్సు ఎలా ఉండాలో 1920లోనే సూత్రాలుగా రాసి పెట్టాడు. పోయిన బంతుల కోసం వెతికే చిరాకు ఉండకూడదన్నాడు. సాహసం చేసి దాటాల్సిన చోట్లు ఉండాలి, కానీ బలహీనుడికి ఒక షాట్ నష్టంతో చుట్టూ తిరిగి పోయే దారి కూడా ఎప్పుడూ ఉండాలన్నాడు. వందేళ్ళు దాటింది. మేం అడుగుతున్నది కొత్తదేమీ కాదు.

దూరం పెంచితేనే కష్టం అనుకునే వాళ్ళకు స్కాట్లండ్‌లోని రాయల్ ట్రూన్ కోర్సు 8వ హోల్ చాలు. పోస్టేజ్ స్టాంప్ అని పేరు. 123 గజాలు. 1950 ఓపెన్‌లో హెర్మన్ టిస్సీస్ అనే జర్మన్ అమెచ్యూర్ అక్కడ 15 షాట్లు తీసుకున్నాడు. 1973 ఓపెన్‌లో 71 ఏళ్ల జీన్ సారజెన్ ఒకే షాట్‌లో బంతిని కప్పులో వేశాడు. డెబ్బై ఒకటేళ్ల మనిషికీ గెలిచే వీలుండి, తప్పితే ఎవరినైనా శిక్షించే హోల్ అది. కాలిఫోర్నియాలోని రివియెరాలో 10వ హోల్ కూడా ఇలాంటిదే. 315 గజాల పార్ 4. నేరుగా గ్రీన్ మీదికి కొట్టాలా, ఎడమ వైపు ఆపి మంచి కోణం తీసుకోవాలా అని ప్రొఫెషనల్స్ ఇప్పటికీ తలలు పట్టుకుంటారు. ఆ రెండు దారుల్లో కనీసం ఒకటి మాకూ అందుతుంది.

మరి మా కమిటీలు చూసి అనుకరించేది వీటిని కాదు. టీవీలో కనిపించే నరకాన్ని. 1951లో ఓక్‌లాండ్ హిల్స్‌ను రాబర్ట్ ట్రెంట్ జోన్స్ బిగించాక యూఎస్ ఓపెన్ మొత్తంలో పార్ కంటే తక్కువ వచ్చిన రౌండ్లు రెండే. గెలిచిన బెన్ హోగన్ స్కోరు ప్లస్ ఏడు, అంటే పార్ కంటే ఏడు షాట్లు ఎక్కువ. 1999లో కార్నూస్టీలో సన్నటి ఫెయిర్‌వేలు, దట్టమైన గడ్డి మధ్య ఓపెన్ ప్లస్ ఆరుతో ముగిసింది. 2004లో షినెకాక్ హిల్స్‌లో చివరి రోజు 7వ గ్రీన్ ఎంత ఎండిపోయిందంటే, బంతి నిలవడానికి ఆట మధ్యలో నీళ్ళు చల్లాల్సి వచ్చింది. ప్రపంచంలో అందరికంటే బాగా ఆడే వాళ్ళ కోసం నాలుగు రోజులు పెట్టిన పరిస్థితిని మాకు ఏడాదంతా పెడుతున్నారు. సిలబస్‌లో లేని ప్రశ్నలిచ్చి, ఒక్కడూ పాసవలేదని స్టాఫ్‌రూమ్‌లో గొప్పగా చెప్పుకునే మాస్టారి ధోరణి ఇది.

రఫ్ లేకపోతే కోర్సు మరీ తేలికైపోతుందన్న వాదన మాకు చాలాసార్లు వినిపించారు. దానికి పైన్‌హర్స్ట్ నంబర్ 2 జవాబు చెబుతుంది. డొనాల్డ్ రాస్ అనే ఆర్కిటెక్టు గీసిన కోర్సు అది. 2010-11లో ఆర్కిటెక్టులు బిల్ కూర్, బెన్ క్రెన్షా అక్కడి రఫ్‌ను తీసేసి, పాతకాలంలో ఉన్నట్టు ఇసుక, అడవి గడ్డి తిరిగి తెచ్చారు. ఫెయిర్‌వేలు వెడల్పు చేశారు. 2014లో వరుసగా రెండు వారాల్లో పురుషుల, మహిళల యూఎస్ ఓపెన్‌లు రెండూ అక్కడే జరిగాయి. పురుషుల్లో పార్ కంటే తక్కువతో ముగించింది ముగ్గురు. మహిళల్లో ఒక్క మిషెల్ వీ. తాబేలు వీపులా ఉబ్బిన గ్రీన్‌లే ఆ కాపలా కాశాయి. గ్రీన్ తప్పిన బంతి పక్కకు జారి పొట్టి గడ్డి మీద ఆగుతుంది. అక్కడి నుంచి పటర్‌తో దొర్లించవచ్చు, కాస్త ఎగరేసి చిప్ చేయవచ్చు, ఎత్తుగా లేపవచ్చు. గొప్ప ఆటగాడు ఏది వాడాలో తెలియక తికమకపడతాడు. మేం పటర్ తీసి, మొదటిసారి బంతి మళ్ళీ కాళ్ళ దగ్గరికే దొర్లి వచ్చినా, నవ్వుకుని ఇంకోసారి కొడతాం.

ఈ "కఠినం చేయడం" వల్ల మామూలు వాళ్ళకు జరుగుతున్నది ఇది.

1. బలహీనులకే దెబ్బ. కోర్సు కష్టాన్ని కొలిచే రేటింగ్ విధానంలో బోగీ స్థాయి (మాలాంటి మామూలు) పురుషుడి డ్రైవ్ 200 గజాలని లెక్క, మహిళది 150. సున్నా హ్యాండిక్యాప్ ఉన్న స్క్రాచ్ ఆటగాళ్ళలో పురుషుడిది 250, మహిళది 210. ఇందులో నేల మీద దొర్లే దూరం కూడా కలిసే ఉంది. ఇప్పుడు టీ ముందు 170 గజాలు గాల్లో దాటాల్సిన చెరువు తవ్వారనుకోండి. స్క్రాచ్ ఆటగాడు ఆ నీళ్ళను గమనించను కూడా గమనించడు. బోగీ ఆటగాడికి ఆ రోజు అతి మంచి షాట్ పడితే దాటుతుంది. బోగీ ఆటగత్తెకు ఎంత బాగా కొట్టినా దాటదు. కష్టం ఎవరికోసం పెట్టామని మీరంటున్నారో వాళ్ళకు తగలకుండా, పక్కనున్న వాళ్ళకు తగిలింది. పెద్దవాళ్ళు, పిల్లలు, చాలామంది మహిళలు ఆ హోల్ దగ్గర బంతి చేత్తో ఎత్తుకుని అవతలికి నడుస్తున్నారు. దాన్ని గోల్ఫ్ ఆడటం అనలేం.

స్లోప్ రేటింగ్ గురించి ఇక్కడే చెప్పాలి. అది 55 నుంచి 155 దాకా ఉంటుంది, ప్రామాణిక విలువ 113. స్క్రాచ్ ఆటగాడితో పోలిస్తే బోగీ ఆటగాడికి కోర్సు ఎంత ఎక్కువ కష్టమో అది చెబుతుంది. మా స్లోప్ 140 దాటింది అని కరపత్రంలో వేసుకునే క్లబ్ నిజానికి చెప్పుకుంటున్నది తన దగ్గర ఈ ఇద్దరి మధ్య అంతరం ఎంత పెద్దదో. అదొక పతకం ఎలా అయిందో మాకు అంతుబట్టదు.

2. సమయం. 2019 నుంచి బంతి వెతకడానికి ఇచ్చే గడువు అయిదు నిమిషాల నుంచి మూడుకు తగ్గింది. నలుగురి గుంపులో హోల్‌కు ఒక్క బంతి వెతికినా పద్దెనిమిది హోల్స్‌కు 54 నిమిషాలు. బంతి దొరక్కపోతే శిక్షతో వెనక్కి నడిచి మళ్ళీ కొట్టాలి. వెనక గుంపు నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తుంటుంది. ఆ టెన్షన్‌లో కొట్టిన రెండో బంతీ గడ్డిలోకే పోతుంది. ఆట నెమ్మదిగా సాగుతోందని నోటీసులు అంటించే కమిటీయే ఆ గడ్డినీ పెంచింది.

3. ఆట ఒకే రకంగా మారిపోతుంది. ఇది మంచి ఆటగాళ్ళకు కూడా నష్టం. మోకాలి ఎత్తు గడ్డిలో పడిన బంతిని ఎవరైనా ఏం చేస్తారు? వెడ్జ్ (బంతిని లేపే పొట్టి కర్ర) తీసి పక్కకు తోస్తారు. ఛాంపియన్‌దీ అదే షాట్, మాదీ అదే షాట్. వంచి కొట్టే నేర్పు, తక్కువ ఎత్తులో పంపే నేర్పు, సాహసం చేయాలా వద్దా అనే బుద్ధి, వేటికీ పని లేదు.

4. గ్రీన్‌ల వేగం. 1935 యూఎస్ ఓపెన్‌ను ఓక్‌మాంట్‌లో చూసిన ఎడ్వర్డ్ స్టింప్సన్ బంతి ఎన్ని అడుగులు దొర్లిందో చూసి గ్రీన్ వేగం కొలిచే పరికరం తయారుచేశాడు. ఒక కోర్సులోని గ్రీన్‌లన్నీ ఒకే తీరుగా ఉన్నాయా అని చూసుకోవడానికి అది బాగా పనికొస్తుంది. ఇప్పుడది క్లబ్బుల మధ్య పందెంగా తయారైంది: మాది పదకొండు, మాది పన్నెండు. నెమ్మదిగా దొర్లే రోజుల్లో గీసిన వాలు గ్రీన్ మీద ఈ వేగం పెడితే బంతి ఎక్కడా ఆగదు. పిన్ పెట్టడానికి రెండు మూడు చోట్లే మిగులుతాయి. ఆ తర్వాత ఎవరో ఒకరు వాలు తగ్గించేద్దాం అంటారు. గ్రీన్‌లో ఉన్న అందమే ఆ వాలు. వేగం కోసం దాన్ని చదును చేయడం కంటే పెద్ద నష్టం ఒక కోర్సుకు ఇంకొకటి ఉండదని మా అభిప్రాయం.

5. నీరు, ఎరువు, మనుషులు. దట్టమైన రఫ్ దానంతట అది పెరగదు, దానికీ నీళ్ళు పోయాలి. పైన్‌హర్స్ట్‌లో రఫ్ తీసేసినప్పుడు నీళ్ళు చల్లే స్ప్రింక్లర్లను సగానికి పైగా తగ్గించగలిగారు. గ్రౌండ్ సిబ్బంది మీద పడే పని ఎంతో వాళ్ళనే అడగండి. ఈ మార్పులు చేసేటప్పుడు వాళ్ళను ఎవరూ అడగలేదని మాకు తెలుసు.

6. కొత్తవాళ్ళు రావడం లేదు. వచ్చినా నిలవడం లేదు.

ద్వీపం గ్రీన్‌ల మోజు గురించి కూడా ఒక మాట. ఫ్లోరిడాలోని సాగ్రాస్‌లో, గ్రీన్ చుట్టూ నీళ్ళుండే 17వ హోల్ చూసిన ప్రతి కమిటీకీ అలాంటిది ఒకటి కావాలనిపిస్తుంది. అక్కడ పీట్ డై కోర్సు కడుతూ మంచి ఇసుక కోసం తవ్వితే పెద్ద గొయ్యి పడింది, చుట్టూ నీళ్ళు పెడదామని భార్య ఆలిస్ డై సలహా ఇచ్చింది. ఆ హోల్ 137 గజాలే. చేతిలో ఉండేది పొట్టి ఐరన్. తప్పితే దగ్గర్లోనే శిక్షతో కొత్త బంతి వేసుకునే (డ్రాప్) చోటు ఉంది. అలాంటిది కోర్సుకు ఒక్కటి ఉంటే సరదా. దాన్నే 190 గజాలకు లాగి, మరో మూడు చోట్ల పెడితే అది సరదా కాదు.

మా డిమాండ్లు ఇవి.

1. కోర్సులో ఏ మార్పు చేసినా, పని మొదలుకాక ముందే ఇరవై దాటిన హ్యాండిక్యాప్ ఉన్న పురుషుడు, మహిళ, ఒక వృద్ధుడు, ఒక జూనియర్ ఆర్కిటెక్టుతో కలిసి ఆ హోల్స్ నడవాలి. వాళ్ళు చెప్పింది రాసి సభ్యులందరికీ ఇవ్వాలి.

2. నీరు గానీ లోయ గానీ గాల్లో దాటి తీరాల్సిన ప్రతి చోటా ఒక షాట్ నష్టంతో చుట్టూ పోయే దారి ఉండాలి. ఎక్కడైనా అది వీలు కాకపోతే, ఆ అడ్డంకికి అవతల సరైన టీ కట్టాలి. ఫెయిర్‌వే మధ్యలో రెండు గుర్తులు పాతి ముందు టీ అనడం చాలదు. దానికీ చదును, మంచి గడ్డి, ఆలోచించి పెట్టిన కోణం కావాలి.

3. ఫెయిర్‌వే అంచు నుంచి మొదటి పదిహేను అడుగుల రఫ్‌లో పడిన బంతి నిలబడి చూస్తే కనిపించాలి. మామూలు రోజుల్లో ఇది నియమంగా ఉండాలి. పోటీ కోసం గడ్డి పెంచితే, పోటీ ముగిసిన వారంలోనే కోయాలి.

4. పోయిన బంతికి వెనక్కి నడవకుండా రెండు షాట్ల శిక్షతో ముందు నుంచే ఆడే స్థానిక నియమం 2019 నుంచి అందుబాటులో ఉంది. మామూలు ఆటల్లో దాన్ని అమలు చేయండి. దీనికి పైసా ఖర్చు లేదు.

5. ఎక్కువ గ్రీన్‌ల ముందు భాగం తెరిచి ఉండాలి. బంతిని గాల్లో దించలేని వాళ్ళు నేల మీద దొర్లించి చేరగలగాలి. ఆ దొర్లే దారిలో మిట్టలు, పల్లాలు మీకు నచ్చినన్ని పెట్టండి, మాకు అభ్యంతరం లేదు.

6. గ్రీన్‌ల వాలు చూసి వేగం నిర్ణయించండి. వేగం కోసం పాత గ్రీన్ ఒక్కటి కూడా చదును చేయవద్దు.

7. ఆర్కిటెక్టులకు ప్రత్యేకంగా: ప్రతి హోల్‌కు మీరు అనుకున్న ఫెయిర్‌వే వెడల్పు, ఏ వైపు నుంచి ఏ పిన్‌కు దారి, ఇవన్నీ రాసి క్లబ్‌కు ఇవ్వండి. కమిటీలు మారతాయి. పదేళ్ళ తర్వాత ఎవరో వచ్చి సన్నబరుస్తామంటే, మీ కాగితం చూపించి ఆపగలం. కట్టేటప్పుడే యజమానులు ఎవరికీ లొంగని రాక్షసి కావాలని అడిగితే, దాని మీద రోజూ ఆడేదెవరని మీరే అడగండి. మీరు అడిగితే వింటారు, మేం అడిగితే వినడం లేదు.

వచ్చే సీజన్ పనులు మొదలయ్యేలోపు వీటికి రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాం. ఒప్పుకునే వాటికి తేదీ చెప్పండి, ఒప్పుకోని వాటికి కారణం చెప్పండి. "ఆట మెరుగుపరచుకోండి" అన్నది కారణంగా స్వీకరించం. ఏ కమిటీ అయినా, ఏ ఆర్కిటెక్టు అయినా మాతో కోర్సు నడుస్తానంటే ఏ రోజైనా సిద్ధం. వెనక టీ నుంచి కాకుండా మా టీ నుంచి మొదలుపెడదాం, బంతులు మాత్రం మీవే తెచ్చుకోండి.

ఇట్లు,
మామూలు హ్యాండిక్యాప్ ఆటగాళ్ళు, ఆటగత్తెలు